మూడు రోజుల మాత్రలు, పద్నాలుగు రోజుల నొప్పి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల హనుమకొండలోని ఒక ఆసుపత్రిలో మా తమ్ముడికి టాన్సిల్స్ ఆపరేషన్ చేయించాం. వయసు 31, రైస్ మిల్లులో పని. ఆపరేషన్ బాగానే చేశారు. మర్నాడు ఇంటికి పంపుతూ మూడు రోజుల మాత్రలిచ్చి, "నొప్పి ఉంటే వేసుకోండి, ఐస్‌క్రీం తినండి" అన్నారు.

అసలు కష్టం మాత్రలు అయిపోయాకే మొదలైంది. ఐదో రోజు రాత్రి ఉమ్మి కూడా మింగలేక స్టీలు గ్లాసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాట రాదు. క్యాలెండర్ కాగితం వెనక "చెవి" అని రాసి చూపించాడు. నేను మందుల షాపుకు ఉరికి చుక్కల మందు తెచ్చి చెవిలో పోశాను. గొంతు నుంచి చెవికి ఒకే నరం పోతుందని, పుండు గొంతులో ఉన్నా పోటు చెవిలో తెలుస్తుందని మాకెవరు చెప్పారు? గొంతులో తెల్లటి పొర చూసి చీము పట్టిందని వణికిపోయాం. పుండు మానేటప్పుడు అలాగే కడుతుందట.

పెద్దవాళ్లకు ఈ నొప్పి 10 నుంచి 14 రోజులు ఉంటుంది. వారం దగ్గర పడి ఆ పొర ఊడేటప్పుడు మళ్లీ పెరగొచ్చు. మావాడు నొప్పికి భయపడి నీళ్లు మానేశాడు, గొంతెండి నొప్పి ఇంకా ముదిరింది. చివరికి వేరే దవాఖానలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అక్కడి డాక్టరమ్మ, నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆరు గంటలకోసారి పారాసిటమాల్ ఇవ్వమన్నారు. రోజుకు 4 గ్రాములు దాటొద్దన్నారు, ఆస్పిరిన్ జోలికి పోవద్దన్నారు. మాత్ర పడ్డ అరగంటకు జావ తాగించమన్నారు. ఆ రాత్రి సగం గిన్నె తాగి పడుకున్నాడు. ఇంత చిన్న మాట మొదటి రోజే చెప్పి ఉంటే!

జిల్లా వైద్యాధికారులను కోరేదొక్కటే. ఏ రోజు ఏముంటుందో, ఏ మందు ఎన్ని గంటలకో తెలుగులో చీటీ రాయించండి. మందులు రెండు వారాలకు సరిపడా ఇప్పించండి. ఐదో రోజు ఆసుపత్రి నుంచి ఒక ఫోన్ చేయించండి. 5 నుంచి 10 రోజుల మధ్య రక్తం పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఎర్రటి రక్తం కనబడితే ఆగకుండా 108కి ఫోన్ చేయాలని ఆ చీటీలోనే ఉండాలి. సెలవు కాగితం కూడా రెండు వారాలకు రాయాలి. మిల్లులో "అది చిన్నపిల్లల ఆపరేషన్ కదా" అని నాలుగు రోజులే ఇచ్చారు.

ఆ చీటీ ఆపరేషన్‌కు ముందే, ఇంట్లో చూసుకునే మనిషి చేతికి ఇవ్వాలి. ఆ రాత్రి గడియారం చూసేది వాళ్లే.

— ఒక పాఠకురాలు, హనుమకొండ