వార్షిక నివేదిక: ఈ ఏడాది గీసిన పటాలు, కట్టిన కోట

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని అంతా దాదాపు ఒక్క ఆట చుట్టూనే తిరిగింది. కొత్తగా చేరినవారి కోసం చెబుతున్నాను. విజయనగరంలో ఆదివారం సాయంత్రాలు మనం ఆడుతున్నది రోల్‌ప్లేయింగ్ ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావారు తలో పాత్ర తీసుకుని, తామేం చేస్తున్నారో నోటితో చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలు జనంలోకి వచ్చాయి.

కథ ఎక్కడ పెట్టాలన్నదాని మీద పెద్ద చర్చే జరిగింది. బొబ్బిలి యుద్ధం పెడదామని చాలామంది అడిగారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న ఆ కోటలో జరిగింది మన వైపు ఇప్పటికీ మనసుకు తగిలే సంగతి. మనలో బొబ్బిలి వాళ్ళూ ఉన్నారు, విజయనగరం వాళ్ళూ ఉన్నారు. తాండ్ర పాపారాయుడి గెలుపోటములు పాచిక మీద తేల్చడానికి మాకు చేతులు రాలేదు. అందుకే పేర్లన్నీ కొత్తగా పెట్టి ఒక సీమనే కల్పించుకున్నాం. ఏరు మాత్రం చంపావతిని చూసి గీశాం. కొండల్లో పుట్టి కోనాడ దగ్గర సముద్రంలో కలిసే దాకా దాని వంపులు పటంలో అలాగే ఉన్నాయి.

ఊళ్ళ పేర్లు పెట్టేటప్పుడు మంచి సంగతి జరిగింది. మన జిల్లాల్లో కొత్తవలస లాంటి ‘వలస’ పేర్లు ఎన్నో కదా, పటంలో కూడా ఒక ఊరికి అలాంటి పేరే పెట్టాం. ఆట మొదలయ్యాక ఎనిమిదో తరగతి పాప ఒకతె దాని మీద వేలు పెట్టి, “ఇక్కడికి ఎవరు వలస వచ్చారు? ఎందుకొచ్చారు?” అని అడిగింది. కథ నడిపేవారి దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత రెండు నెలల ఆట ఆ ప్రశ్న మీదే నడిచింది. అప్పటి నుంచి పటంలో కావాలనే కొంత చోటు ఖాళీగా వదిలేస్తున్నాం. అన్నీ నింపేసిన పటాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టేస్తారు. ఖాళీ ఉన్నదాన్ని మాత్రం చేతిలోంచి వదలరు.

కాగితాన్ని పాతదానిలా కనిపించేలా చేయడానికి చాలా తంటాలు పడ్డాం. టీ డికాషన్‌లో ముంచితే రంగు బాగా వచ్చింది గానీ, ఇంక్‌జెట్‌లో తీసిన పటం మొత్తం అలుక్కుపోయింది. జిరాక్స్ కాపీ చెక్కుచెదరలేదు, దాని పొడి వేడికి కరిగి కాగితానికి అతుక్కుని ఉంటుంది మరి. ఇప్పుడు ముందు జిరాక్స్ తీసి, తర్వాత డికాషన్‌లో ముంచి, నీడలో ఆరబెడుతున్నాం. అంచులు అగరుబత్తితో కాలుస్తున్నాం, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకునే. ఉత్తరాలకు లక్క ముద్ర వేసే ముందు ఇత్తడి బిళ్ళను నీళ్ళలో తడపాలి. తడపకపోతే లక్క బిళ్ళతో పాటు ఊడొచ్చేస్తుంది. ఆ ముద్ర పగలగొట్టి ఉత్తరం విప్పేటప్పుడు గదిలో ఒక్కరూ మాట్లాడరు.

కోట సంగతికొస్తే, 1713లో మొదలైన మన కోటనే కొలతకు తీసుకున్నాం. ఈ ఆటల్లో పటం మీద ఒక అంగుళం గడి అంటే అయిదు అడుగులు. మన కోట ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు. ఆ లెక్కన గీస్తే ఒక్క గోడే పదమూడు అడుగులు! మన హాల్లో అంత బల్ల లేదు. కాబట్టి సింహద్వారం, దాని పక్కనున్న బురుజు మాత్రం ఈ కొలతలో కట్టి, మిగతా కోటంతా చిన్న కాగితం మీద గీశాం. మొదటి బురుజు పాడైపోయింది. థర్మాకోల్ మీద నేరుగా స్ప్రే రంగు కొడితే అది మన కళ్ళముందే కరిగి గుంటలు పడింది. రెండు రోజుల్లో ఆట, అందరికీ టెన్షన్. రాత్రికి రాత్రి మళ్ళీ కోసి, జిగురులో కాగితం ముక్కలు అద్ది రెండు పొరలు వేసి, నీళ్ళ రంగులు పూశాం. రాళ్ళ గరుకుతనం మొదటిదానికన్నా దీనికే బాగా కుదిరింది.

పాత్రల బొమ్మలు బయట కొనలేదు. అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలే వాడుతున్నాం. కాపలావాళ్ళకు ఎరుపు, ఊరి జనానికి పసుపు. చేతికి నున్నగా తగులుతాయి, చిన్నపిల్లలు కూడా ఇష్టంగా కదుపుతారు.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం.

వచ్చే ఏడాది కథ ఏరు దాటి ఉత్తరానికి వెళుతుంది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం కొండెక్కి, బౌద్ధ స్తూపాల దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకుని రావాలని అనుకుంటున్నాం. రాగలవారు పేర్లు ఇవ్వండి. ఇంట్లో పాత శుభలేఖల అట్టలు, విరిగిన లక్క గాజులు, తాళం పోయిన చిన్న పెట్టెలు ఉంటే పారేయకుండా ఆదివారం తీసుకురండి. పెట్టె ఎంత తుప్పు పట్టి ఉంటే మాకంత ఉపయోగం.

ఇట్లు,
కార్యదర్శి