మన తాబేళ్ల సంఘం ఈ ఏడాది రిపోర్ట్

సభ్యులందరికీ నమస్కారం. కార్యదర్శిగా ఈసారి రిపోర్ట్ నేనే రాస్తున్నా, కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. హైదరాబాద్‌లో కాప్రా చెరువు చుట్టుపక్కల కాలనీల వాళ్లం కలిసి తాబేళ్ల కోసం మొదలుపెట్టిన గ్రూపు మనది, ఇప్పుడు మల్కాజ్‌గిరి, అల్వాల్, ఉప్పల్ నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి, తాబేలే కాదు ఉడుము కనపడినా పాము కనపడినా మనకే చేస్తున్నారు.

ఎక్కువ ఫోన్లు రెడ్ ఇయర్డ్ స్లైడర్ల గురించే. చెవి దగ్గర ఎర్రటి పట్టీ ఉండే పచ్చ తాబేలు, కొన్నప్పుడు పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంటుంది. షాపులో "ఇది ఇంతే ఉంటుంది, పెరగదు" అని చెప్పి అమ్మేస్తారు, పిల్లలు ముచ్చటపడతారు, నాలుగేళ్లకి అది పళ్లెమంత అయ్యి తొట్టి నీళ్లు వాసనొచ్చి ఇంట్లో గొడవలు మొదలవుతాయి. అమెరికాలో మిస్సిసిపీ నది వైపు జీవి ఇది, ఆడది దాదాపు అడుగు దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే 30 ఏళ్లు దాటి బతుకుతుంది. అక్కడే 1975 నుంచి 4 అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్లు అమ్మడం ఆపేశారు, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా అనే కడుపు పాడుచేసే క్రిమిని తెచ్చుకుంటున్నారని. అందుకే మన దగ్గర తొట్టి ముట్టుకున్న ప్రతి ఒక్కరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఇందులో మినహాయింపు లేదు.

విసుగొచ్చాక చాలామంది చేసేది చెరువులోనో గుడి కోనేట్లోనో వదిలేయడం, పుణ్యం అనుకుంటారు పాపం. ప్రపంచంలో ఎక్కువ నష్టం చేసే 100 పరాయి జీవుల జాబితాలో ఈ స్లైడర్ ఉంది. మన చెరువుల్లో పుట్టిన తాబేళ్లు ఎండ కాచుకునే చోటు, తినే తిండి ఇది లాగేసుకుంటుంది, రోగాలు కూడా అంటిస్తుంది. దయచేసి మీ బంధువులకి చెప్పండి, వదిలే ముందు మనకి ఒక్క ఫోన్ చేయమనండి.

ఈ ఏడాది వచ్చినవాటిలో ఒక ఆడ స్లైడర్‌కి రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి, తిండి కనపడక వారాల తరబడి తినలేదు. ఎండు రొయ్యలు తప్ప ఇంకేం పెట్టలేదంట, విటమిన్ ఎ లోపం. డాక్టర్ గారు డోసు చాలా జాగ్రత్తగా లెక్కేసి ఇచ్చారు, ఎందుకంటే ఎక్కువైతే చర్మం ఊడిపోతుంది. మన లక్ష్మి అక్క రోజూ గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టి, కళ్లు తుడిచి, ఒక కన్ను తెరిచిన రోజు గ్రూపులో ఫొటో పెట్టింది, అది చూసి మేమంతా ఏడ్చినంత పని చేశాం. ఇప్పుడు అది ఘట్‌కేసర్ దగ్గర ఒక రిటైర్డ్ టీచర్ గారింట్లో సిమెంట్ తొట్టిలో ఉంది, పాలకూర కంటే తోటకూరే ఇష్టంగా తింటోందంట.

ఒక తప్పు కూడా రాయాలి. ఏప్రిల్‌లో మన షెల్టర్ డాబా మీద ఒక తొట్టికి నీడ గుడ్డ కట్టడం మర్చిపోయాం, ఆ పూట డ్యూటీ నాదే. మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోయాయి, తాబేలు మనలాగా చెమట పట్టి చల్లబడదు, ఒంటి వేడి చుట్టూ ఉన్నదాన్ని బట్టే ఉంటుంది, బయటికి రావడానికి దారి లేదు. సాయంత్రం చూసేసరికి పోయింది. అప్పటినుంచి ప్రతి తొట్టికీ సగం నీడ, ఎక్కడానికి ఒక రాయి, గోడ మీద థర్మామీటర్, మధ్యాహ్నం ఒంటిగంటకి చూసి సంతకం పెట్టే పుస్తకం పెట్టాం. ఆ పుస్తకంలో ఖాళీ గడి ఉండకూడదు.

ఇక నక్షత్ర తాబేలు. సైనిక్‌పురిలో ఒక ఫ్లాట్‌లో అద్దాల తొట్టిలో రెండు అంగుళాల నీళ్లలో పెట్టి చపాతీ ముక్కలు వేస్తున్నారు, ఇంటికి కలిసొస్తుందని ఎవరో చెప్పారంట. అది నీటి తాబేలు కాదండీ, రాయలసీమ లాంటి ఎండు పొదల్లో గడ్డి తిని బతికేది, నీళ్లలోనే ఉంటే కింది డిప్ప కుళ్లిపోతుంది, దీనికీ అదే అయింది. పైన డిప్ప కూడా నొక్కితే మెత్తగా ఉంది. ఎండ పడితేనే కాల్షియం ఎముకకి అందుతుంది, కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఆ పనికి పనికిరాదు. డిప్ప అంటే మీద కప్పుకున్న చొక్కా కాదు, పక్కటెముకలూ వెన్నెముకా కలిసిపోయిన ఎముకే, తాకితే తెలుస్తుంది, నొప్పి పుడుతుంది.

కూర్మావతారం అని దండం పెట్టుకుంటాం, శ్రీకూర్మం గుడిలో వాటిని చూసి మురిసిపోతాం, ఇంట్లో మాత్రం ఇలా చంపుతాం. చట్టం కూడా గట్టిదే: 2022 సవరణ తర్వాత ఇది వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది, నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 జరిమానా. 2019లో అంతర్జాతీయ వ్యాపారం కూడా నిషేధించారు. మనం కూడా దీన్ని మన దగ్గర ఉంచుకోలేం, అదే రోజు ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి అప్పజెప్పాం. అడవిలో వదిలేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. ఏ ప్రాంతం నుంచి పట్టుకొచ్చారో తెలియని తాబేలుని కొత్త చోట వదిలితే అక్కడివాటికి రోగం రావచ్చు, జాతి కలగాపులగం కావచ్చు.

ఉడుము ఫోన్లు వానాకాలంలో వచ్చాయి, నూనె కోసం కొట్టి చంపుతారనే భయంతో వెళ్లాం, అదీ షెడ్యూల్ 1 జీవే. పాములు మాత్రం మనం పట్టం, ట్రైనింగ్ లేనివాళ్లు ముట్టుకోవద్దు, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా దూరం నుంచి చూస్తూ ఉండండి చాలు. ఎక్కువసార్లు అది ఎలుకల కోసం వచ్చిన జెర్రిపోతే, విషం లేదు. నాగుల పంచమికి పాములవాళ్ల బుట్టల్లో పాలు పోయొద్దని కాలనీల్లో తిరిగి చెప్పాం, పాము పాలు అరిగించుకోలేదు, దాహంతో మాడ్చి తాగిస్తారు, కోరలు పీకిన నోరు చీము పడుతుంది.

డబ్బుల లెక్కల పుస్తకం మీటింగ్‌లో టేబుల్ మీద ఉంటుంది, ఎవరైనా తిప్పి చూసుకోవచ్చు. ఎక్కువ ఖర్చు మందులకీ, ఎండ బదులు పెట్టే యూవీబీ బల్బులకీ అయింది, బల్బు వెలుగుతున్నా కొన్ని నెలలకి దాని పనితనం తగ్గిపోతుంది కాబట్టి మార్చక తప్పదు. డిసెంబర్ చలికి వాటర్ హీటర్ ఇంకొకటి కావాలి. దత్తత కోసం ఒక మగ స్లైడర్ ఇంకా ఎదురుచూస్తోంది, కాలు ఒకటి లేదు కానీ ఈత బాగా కొడుతుంది, ఇంట్లో స్థలం ఉన్నవాళ్లు ఆదివారం వచ్చి చూడండి.