మూడేళ్లకోసారి చూసిపోతే చాలదు
అమెరికా పల్లెల్లో పేదలకు, వృద్ధులకు తక్కువ అద్దె ఇళ్లు కట్టి నడుపుతామని చెప్పి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ దగ్గర సెక్షన్ 515 అనే పల్లె అద్దె ఇళ్ల రుణ పథకం కింద 1 శాతం దాకా తగ్గించిన వడ్డీకి అప్పు తీసుకున్న యజమానుల మీద నిఘా చాలడం లేదు. రూల్స్ బాగానే ఉన్నాయి, అద్దె పెంచాలన్నా, రిపేర్ల కోసం పక్కన పెట్టే రిజర్వ్ ఖాతాలోంచి డబ్బు తీయాలన్నా శాఖ అనుమతి కావాలి, ఏటా లెక్కలు చూపాలి. కానీ అధికారులు స్వయంగా వచ్చి చూడటానికి గడువు మూడేళ్లు, ఈలోపు పైకప్పు కారితే ఆ ముసలివాళ్లు ఏం కావాలి? మా పక్క ఊళ్లో అలాంటి కాంప్లెక్స్ ఒకటి ఉంది. గోడలకు బూజు, మెట్ల రెయిలింగ్ విరిగి ఊగుతోంది, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లు దాన్నే పట్టుకుని దిగుతున్నారు. కిందటి తనిఖీలో ఏం రాశారో, రిజర్వ్ ఖాతాలో ఎంత ఉందో నేను మాట్లాడిన వాళ్లెవరికీ తెలియదు, గట్టిగా అడిగితే ఖాళీ చేయిస్తారేమోనని టెన్షన్. ఏటా ముందు చెప్పకుండా ఒక తనిఖీ చేయాలి, ఆ రిపోర్టునూ రిజర్వ్ బ్యాలెన్సునూ కాంప్లెక్స్ ఆఫీసు గోడకే అంటించాలి, చెప్పిన గడువులో రిపేరు చేయని యజమానికి అద్దె పెంచే అనుమతి ఇవ్వకూడదు.