పురుగన్నదల్లా కీటకం కాదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పేజీల్లో, క్విజ్ శీర్షికల్లో కీటకాల జాబితా ఇచ్చినప్పుడల్లా సాలెపురుగు, తేలు, జెర్రి కూడా అందులో చేరిపోతున్నాయి. చిక్కంతా మన ‘పురుగు’ దగ్గరే ఉంది. సాలీడునీ, నత్తనీ, పట్టుగూడు కట్టేదాన్నీ ఒకే మాటతో పిలుస్తాం. వాడుకకు అది చాలు, వర్గీకరణకు చాలదు. వానపాము పాము కాదు. జెల్లీచేప, నక్షత్రచేప చేపలు కావు, వాటికి అసలు వెన్నెముకే లేదు. తిమింగలానికి వెన్నెముక ఉంది కానీ అదీ చేప కాదు, ఊపిరితిత్తులతో గాలి పీల్చే క్షీరదం.

కీటకానికి తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు, తలమీద ఒక జత మీసాలు, రొమ్ము నుంచి పుట్టే 3 జతల కాళ్లు ఉంటాయి. సాలెపురుగుకు రెండే భాగాలు, మీసాలు లేవు, కాళ్లు 8. అయినా లెక్కపెట్టమంటే కొందరు పిల్లలు 10 అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. నోటికి అటూ ఇటూ ఉండే స్పర్శాంగాలు పొట్టి కాళ్లలాగే కనిపిస్తాయి. తేలులో అవే పెద్దవై ముందుండే పటకార్లయ్యాయి. పట్టుపురుగు కీటకమే అయినా దానిది ఇంకో తిరకాసు. చూస్తే 8 జతల కాళ్లు, కానీ కీళ్లున్న అసలు కాళ్లు ముందున్న 3 జతలే. వెనకున్న 5 జతలూ మెత్తటి కండ బొడిపెలు, రెక్కలొచ్చేసరికి మాయమవుతాయి. పశువుల్ని పట్టే పిడుదు సాలీడు బంధువే, అయినా గుడ్డులోంచి వచ్చినప్పుడు దానికి 6 కాళ్లే ఉంటాయి. కుబుసం విడిచాక 8 అవుతాయి. అందుకే ఒక్క కాళ్ల లెక్కతో తేల్చేయకుండా మీసాలూ, రొమ్మూ చూడాలి.

అప్పుడప్పుడు కంటపడే ‘తెల్ల బొద్దింక’ కొత్త జాతి కాదు, కుబుసం విడిచిన మామూలు బొద్దింకే. బొద్దింక పైపెంకు సాగదు కాబట్టి ఎదగాలంటే దాన్ని విడిచేయాలి. వీపు మీద నిలువుగా చీలి, లోపలి నుంచి పాలలా తెల్లటి మెత్తటి ఒళ్లు బయటికొస్తుంది. కొన్ని గంటల్లో అది గట్టిపడి గోధుమరంగుకు తిరుగుతుంది. ఈలోగా శత్రువు కంటపడితే అంతే. పాత పెంకులో కాలు ఇరుక్కుంటే ఆ కాలు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

అకశేరుకాలకు, అంటే వెన్నెముక లేని జీవులకు, రక్తం ఉండదన్న మాట కూడా తరచూ అచ్చవుతోంది. అదీ తప్పే. బొద్దింక రక్తానికి రంగు లేదు, ఎందుకంటే ఆక్సిజన్ మోసే పని దానిది కాదు. ఒంటి పక్కలనున్న 10 జతల రంధ్రాల నుంచి గాలి గొట్టాల ద్వారా నేరుగా కణజాలానికి చేరుతుంది. తల తెగినా కొన్ని రోజులు బతకడానికి ఇదొక కారణం. రొయ్య, పీతల రక్తంలో ఆక్సిజన్ మోసే, రాగి ఉన్న హీమోసయనిన్ ఉంటుంది, గాలి సోకితే నీలి ఛాయ తేలుతుంది. వానపాముది ఎర్ర రక్తమే, అయితే హీమోగ్లోబిన్ ఎర్ర కణాల్లో కాక ద్రవంలోనే కరిగి ఉంటుంది.

రొయ్య వీపు నుంచి లాగేసే నల్లదారాన్ని ‘నరం’ అంటారు. అది పేగు. అసలు నాడీతంత్రి పొట్ట వైపు తెల్లగా ఉంటుంది. సకశేరుకాల్లో అమరిక ఇందుకు తలకిందులు: నాడీదండం వీపు వైపు, లోపల బోలుగా, వెన్నుపూసల కాపుదలలో ఉంటుంది, గుండె ముందువైపు ఉంటుంది. రొయ్య గుండె వీపు కింద కొట్టుకుంటుంది. ఈ తేడా చెప్పకుండా ‘వెన్నెముక ఉన్నవి, లేనివి’ అని ఊరుకుంటే పిల్లలకు మిగిలేది బట్టీయే.

గుండె గదుల పట్టికలోనూ ఒక సవరణ కావాలి. చేపకు 2, కప్పకు 3, పక్షులకూ క్షీరదాలకూ 4 సరే. సరీసృపాలన్నిటికీ 3 అని వేయకండి, మొసలికి 4.

చివరగా ఒక విన్నపం. కీటకాల బొమ్మలు ఎప్పుడూ పైనుంచి వేస్తున్నారు. రెక్కలు కప్పేయడంతో కాళ్లు ఎక్కడ పుట్టాయో కనిపించదు. పక్కనే పొట్ట వైపు బొమ్మ కూడా ఒకటి వేయండి.

ఇట్లు,
కొందరు జంతుశాస్త్ర అధ్యాపకులు