రాలిన ఆకులు చూశాక అమ్మలుకు రాస్తున్నది

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఆదివారం మధురవాడలో మీ ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు, గుమ్మం దగ్గర నిలబడి, హాల్లో కుండీలో ఆకులు రాలుస్తున్న నీ ఫైకస్‌ను చూపించి "ఈ చెట్టు ఇక బతకదా నాన్నా?" అని అడిగావు. ఇంతలో లిఫ్టు వచ్చేయడంతో నీకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఫోనులో చెప్పే విషయం కూడా కాదిది, ఒకదాని తర్వాత ఒకటి వరుసగా చూడవలసినది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. చెట్టు బతికే ఉంది. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు నేను ఒక కొమ్మ చివర గోరుతో చిన్న గీటు గీసి చూశాను. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది, క్షణంలో తెల్లని పాలచుక్క పైకి ఉబికింది. మర్రి, రావి, మేడి, జువ్వి ఎలాగో నీ ఫైకస్ కూడా అలాగే పాలచెట్ల కుటుంబానికి చెందినది. పాలు వస్తున్న కొమ్మలో ఇంకా ప్రాణం ఉన్నట్టే. మరో మూడు కొమ్మలు కూడా చూశాను. ఎడమ వైపు కింద ఉన్న సన్నని రెమ్మ ఒక్కటే లోపల గోధుమ రంగుకు తిరిగింది, దాన్ని తరువాత కత్తిరించవచ్చు.

నువ్వు ఊడ్చి పారేయబోయిన ఆకులను నేను కవరులో వేసుకుని తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి పాత పేపరు మీద పరిచి లెక్కపెడితే నలభై ఒకటి ఉన్నాయి. అందులో ముప్పైకి పైగా పచ్చనివే, మచ్చ గానీ ముడత గానీ లేనివి. కాడ చివర చూస్తే బ్లేడుతో కోసినంత నున్నగా, గుండ్రంగా ఉంది, ఎక్కడా పీచు లాగినట్టు లేదు. అంటే ఆ ఆకులను గాలి తెంపలేదు, పురుగు కొరకలేదు, చెట్టే వాటిని వదిలించుకుంది. కాడ మొదట్లో పలుచని కణాల పొర ఒకటి ఉంటుంది. ఆకు బాగా పనిచేస్తున్నంత కాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాడలోకి దిగుతూ ఆ పొరను గట్టిగా ఉంచుతుంది. ఆకు ఆదాయం, అంటే వెలుతురుతో అది తయారుచేసే ఆహారం, పడిపోయి ఆక్సిన్ తగ్గిపోతే, అరటి గెలను మగ్గబెట్టే ఇథిలీన్ వాయువే ఇక్కడ కూడా పని మొదలుపెట్టి, ఆ పొరలోని కణాలు ఒకదాని నుంచి ఒకటి విడిపోయేలా చేస్తుంది. ఇదంతా జరగాలంటే కొమ్మకు ప్రాణం ఉండాలి. చచ్చిన కొమ్మకు ఆకును రాల్చే శక్తి కూడా ఉండదు, దాని ఆకులు ఎండి, గలగలమంటూ కొమ్మనే పట్టుకుని వేలాడుతాయి. నీ చెట్టుకు అలాంటివి ఆ ఒక్క రెమ్మ మీదే కనిపించాయి కాబట్టి, నీకు భయం కలిగించిన ఆ పచ్చని ఆకుల కుప్ప నాకు మంచి కబురులాగే తోచింది.

ఇక చెట్టు ఎందుకు రాల్చుకుంటోంది అన్నది. ఇరవై రోజుల క్రితం వరకు అది కడియం నర్సరీలో గ్రీన్ నెట్ కింద, రోజంతా వెలుతురు పడే చోట పెరిగింది. అక్కడి ఆకులు అక్కడి వెలుతురుకు తగినట్టుగా చిన్నవిగా, దళసరిగా తయారయ్యాయి. దాన్ని మీరు కారు డిక్కీలో, చీకట్లో, వేడిలో సుమారు 200 కిలోమీటర్లు తెచ్చి, నేరుగా హాల్లో టీవీ పక్కన పెట్టారు. ఆ చోటు నీ కంటికి వెలుతురుగానే అనిపిస్తుంది, ఎందుకంటే మన కన్ను మసకకు తొందరగా అలవాటు పడిపోతుంది. ఆదివారం పగలు పదకొండు గంటలకు నా ఫోనులో వెలుతురు కొలిచే యాప్‌తో చూస్తే టీవీ పక్కన 200 లక్స్ దగ్గర చూపించింది, బాల్కనీ తలుపు పక్కన 3,000 దాటింది. ఆరుబయట నడిఎండలో అది లక్ష దాకా ఉంటుంది. ఫోను కొలత అంత కచ్చితమైనది కాకపోయినా, నాలుగు అడుగుల దూరంలోనే వెలుతురు ఎంతగా పడిపోతోందో దానితో తెలుస్తుంది. అంత తక్కువ వెలుతురులో ఆ దళసరి ఆకులు సంపాదించేదానికంటే ఖర్చుపెట్టేదే ఎక్కువ. అందుకే చెట్టు వాటిని వదిలేసి, కొత్త చోటుకు సరిపోయే పలుచని, కాస్త వెడల్పైన ఆకులు వేసుకోవాలని చూస్తుంది. దీనికి తోడు ఎదురుగా ఏసీ ఉంది. మన ఊళ్లో చలికాలపు చలి ఈ చెట్టును ఏమీ చేయదు గానీ, రాత్రంతా నేరుగా తగిలే చల్లని పొడిగాలి చేస్తుంది.

కారణం ఇంతవరకే అయితే నేను ఉత్తరం రాసేవాణ్ణి కాదు, కుండీని బాల్కనీ దగ్గరకు జరపమని లిఫ్టులోంచే చెప్పేవాణ్ణి. నాకు భయం వేసింది నీళ్ల దగ్గర. ఆకు రాలిన ప్రతిసారీ దాహమేమో అనుకుని నువ్వు ఒక గ్లాసు పోస్తూ వచ్చావు. పాపం, ప్రేమతోనే పోశావు. కానీ చెట్టు నీళ్లు తాగేది ఆకుల ద్వారా ఆవిరి అయ్యేటంత మేరకే. ఆకులు సగం పోతే తాగే నీళ్లు కూడా దాదాపు అంత మేరకు తగ్గిపోతాయి, నువ్వు పోసేది మాత్రం తగ్గలేదు. కుండీని పైకి ఎత్తి చూశాను, అందంగా ఉంటుందని నువ్వు కొన్న ఆ పింగాణీ తొట్టె అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లు పారబోశాను, వాసన ఇంకా రాలేదు. మరో వారం అలాగే ఉంటే వేళ్లకు గాలి అందక కుళ్లు మొదలయ్యేది. అప్పుడు ఆకులు పచ్చగా కాక, పసుపు రంగుకు తిరిగి, కింది నుంచి రాలతాయి. నీ కవరులో పసుపువి ఏడు ఉన్నాయి, నా అనుమానం వాటి మీదే.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. నీకు ఆరేడేళ్ల వయసులో మన వరండాలో వాలుకొమ్మల ఫైకస్ ఒకటి ఉండేది, బెంజమినా అంటారు. అది ఆకులు రాల్చడం మొదలుపెట్టగానే నేను ఒకే వారంలో మట్టి మార్చాను, వేళ్లు కత్తిరించాను, యూరియా వేశాను, చోటు కూడా మార్చాను. నెల తిరగకుండానే చనిపోయింది. నాలుగు పనులూ ఒకేసారి చేయడంతో ఏది దాన్ని చంపిందో కూడా తెలియలేదు. ఆ తప్పు నీ చేత జరగనివ్వను.

అందుచేత ఇప్పుడు చేయవలసినవి తక్కువే. తూర్పు బాల్కనీ తలుపు పక్కన, ఉదయం తొమ్మిది వరకు ఎండ తగిలే చోట కుండీని పెట్టి ఇక కదపకు. ఒకేసారి బాల్కనీ అంచున పూర్తి ఎండలో మాత్రం పెట్టవద్దు, మిగిలిన ఆకులు మాడతాయి. పింగాణీ తొట్టె తీసేసి కింద పళ్లెం పెట్టు, పళ్లెంలోకి దిగిన నీళ్లు పది నిమిషాల తరువాత పారబొయ్యి. నీళ్లు ఎప్పుడు పోయాలో తెలుసుకోవడానికి, పూజ గదిలో కాలిపోయిన అగరుబత్తి పుల్లను కడిగి ఆరబెట్టి, కుండీ అంచు దగ్గర మట్టిలో రెండంగుళాలు గుచ్చి పది నిమిషాలు ఉంచి తీసి చూడు. పుల్ల తడిసి ముదురు రంగులో వస్తే ఆ రోజు నీళ్లు వద్దు, పుల్లకు కాస్త చెమ్మ మాత్రమే అంటితే అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు నిదానంగా పొయ్యి. మట్టి పైన అతికించిన ఆ తెల్ల గులకరాళ్లను ఊడదీసెయ్యి, వాటి మీద నుంచి నీళ్లు జారిపోతాయి, లోపల మట్టి ఎలా ఉందో కూడా కనిపించదు. ఆకుల అడుగున భూతద్దంతో చూశాను, పిండినల్లి గానీ పొలుసు పురుగు గానీ లేవు, జిగట లేదు, చీమల బారు లేదు. కాబట్టి మందులు వద్దు. ఎరువు కూడా కొత్త ఆకు విచ్చుకునే వరకు వద్దు, మట్టి మార్పు వచ్చే తొలకరి తరువాత చూద్దాం.

ఇంకో రెండు మూడు వారాలు ఆకులు రాలుతూనే ఉంటాయి, కొమ్మలు బోడిగా కనిపించవచ్చు. అప్పుడు 2014 అక్టోబరు 12న తుఫానుగా వచ్చిన హుద్‌హుద్‌ను తలచుకో. తెల్లవారి వీధిలోకి వెళ్తే నిలబడి ఉన్న చెట్లకు కూడా ఒక్క ఆకు మిగలలేదు, ఉప్పుగాలికి కొమ్మలు కాల్చినట్టు అయిపోయాయి. నువ్వు మన వీధి మొదట్లోని మర్రిని చూసి ఏడ్చావు. కొన్ని వారాలకే అది ఎర్రని మొగ్గలు తొడిగింది. నీ చెట్టు కొమ్మ చివర కూడా అలాగే సన్నని, కోసుగా ఉన్న మొగ్గలు ఉంటాయి. అవి గట్టిగా, పచ్చగా ఉన్నంత కాలం ఓపిక పట్టు, ముడుచుకుని నల్లబడితే మాత్రం ఆ రోజే నాకు ఫోను చెయ్యి.

పాలు చేతికి అంటితే సబ్బుతో కడుక్కో, కళ్లు నలుపుకోకు. రాలిన ఆకులు పారేయకుండా, ఏ తేదీన రాలినవి ఆ తేదీ రాసి కవర్లలో ఉంచు. రెండో శనివారం నేనూ అమ్మా వస్తాం. పచ్చనివెన్నో పసుపువెన్నో కూర్చుని చూద్దాం. ఆ సన్నని రెమ్మ కత్తిరించడానికి నా కత్తెర తెస్తాను.

ఇట్లు,
నాన్న