ఫైలు ఎక్స్‌టెన్షన్ దాచేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం. తెనాలిలో మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. మొన్న ఒక దరఖాస్తుకు చివరి రోజున ఓ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ఫొటో తెచ్చుకుంది. ఎన్నిసార్లు పెట్టినా సైటు తీసుకోవట్లేదు. "జేపీజీ అనే ఉంది కదా అన్నా" అని ఒకటే టెన్షన్. నిజమే, పేరు చివర జేపీజీ అనే ఉంది. తీరా ఎక్స్‌టెన్షన్లు, అంటే పేరు చివర చుక్క తర్వాత ఫైలు ఏ రకమో చెప్పే అక్షరాలు, కనపడేలా సెట్టింగ్ మార్చి చూస్తే ఆ జేపీజీ తర్వాత ఇంకో చుక్క, దాని వెనక హెచ్ఈఐసీ! ఐఫోన్‌లో తీసిన ఫొటో అది. ఎవరో చెబితే ఇంట్లో పేరు మార్చుకుని వచ్చింది, అసలుది దాగి ఉండటంతో కొత్తది దాని ముందు చేరింది. అయినా పేరు మారిస్తే లోపలి ఫార్మాట్ మారదు, ఫొటోను తెరిచి 'సేవ్ యాజ్'లో జేపీజీ ఎంచుకుని మళ్లీ సేవ్ చేయాల్సిందే. అలా చేశాకే దరఖాస్తు వెళ్లింది.

విండోస్ 95 కాలం నుంచీ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను విండోస్ దాచేస్తూనే ఉంది. 2000 మేలో ప్రపంచమంతా పాకిన 'ఐ లవ్ యూ' వైరస్‌కు కలిసొచ్చింది ఇదే. ఈమెయిల్‌లో వచ్చిన ఆ ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ (మామూలు రాత ఫైలు), దాని తర్వాత వీబీఎస్ (నొక్కగానే నడిచే ప్రోగ్రామ్) ఉండేవి, వీబీఎస్ కనపడక చాలామంది మామూలు ఉత్తరం అనుకుని నొక్కేశారు. ఇన్నేళ్లయినా ఈ పద్ధతి మార్చకపోవడం నాకైతే అస్సలు నచ్చదు.

మనమే మార్చుకోవాలి, అర నిమిషం పని. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' నొక్కాలి. విండోస్ 10లో అయితే వ్యూ నొక్కగానే ఆ టిక్కు పెట్టే గడి కనిపిస్తుంది.

ఫోన్లో మాత్రం పేరు చివర చూసే అలవాటే మనకు లేదు. వాట్సాప్‌లో పెళ్లి కార్డు అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైళ్లు పంపి డబ్బు కాజేస్తున్నారు. పెళ్లి కార్డు ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది, ఏపీకే అంటే యాప్. మా అమ్మకు కూడా ఈ ఒక్క మాటే నేర్పాను.

మీ విద్యా పేజీలో నోటిఫికేషన్లు వేసేటప్పుడు 'ఫొటో జేపీజీలో ఉండాలి' అని రాసి వదిలేస్తున్నారు. దాని కిందే, అది జేపీజీయో కాదో ఎలా చూసుకోవాలో రెండు లైన్లు వేయండి. పల్లెటూరి పిల్లలు చివరి రోజున బస్సెక్కి మా దగ్గరికి రావాల్సిన అవసరం తప్పుతుంది.

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, తెనాలి