ఏనుగు ఎదురైన రోజు నుంచి: అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పలమనేరు పక్కన, కౌండిన్య అడవి అంచున మాకు రెండెకరాల టమాటా తోట ఉంది. నిరుడు కార్తీకంలో తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన మా ఆయనకు గట్టు మీద ఒంటరి ఏనుగు ఎదురైంది. ప్రాణం దక్కింది గానీ నడుము విరిగింది. ఆనాటి నుంచి ఆయన మంచానికే పరిమితం. పదో తరగతి చదవాల్సిన మా పెద్దోడు మదనపల్లె మార్కెట్లో టమాటా పెట్టెలు మోస్తున్నాడు.

ఏనుగును తప్పుపట్టను. దాని దారిలో మేమే ఉన్నామేమో.

మూడు అర్జీలిచ్చాను. రసీదులున్నాయి, జవాబు లేదు. 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరిమే శిక్షణ పొందిన ఏనుగులు, వచ్చాయంటే సంబరపడ్డాం. ఏనుగులు రాకుండా మా ఊరి వైపు తవ్విన కందకం మాత్రం పూడిపోయే ఉంది.

పరిహారం మంజూరు చేయించండి. వచ్చే కార్తీకంలోపు కందకం తవ్వించండి. ఈసారి జవాబు రాతపూర్వకంగా ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక టమాటా రైతు భార్య